మనిషికి సెకనుకి పది లీటర్ల గాలి

హైమ టైలర్స్‌లో గాలి లేదని నోటీసు వచ్చింది. వచ్చిన రోజే అది టేబిలు మీంచి మూడుసార్లు ఎగిరిపోయింది. ఒకసారి కుట్టుమిషను కిందికి, ఒకసారి చీరకి ఫాల్ కుడుతున్న నూర్జహాన్ ఒళ్ళోకి, మూడోసారి ఏకంగా కిటికీలోంచి వేపకొమ్మ మీదికి. గొడుగు కొంకితో దాన్ని లోపలికి లాగి, మీద పెద్ద కత్తెర బరువు పెట్టి, అప్పుడు చదివాం.

హైమ మా ఆఖరి ఆడపడుచు. కోటేశ్వర కాంప్లెక్సు రెండో అంతస్తులో తన షాపు. ఆరు మిషన్లు, వాటి ముందు ఆరుగురు ఆడవాళ్ళు, ఉత్తరం గోడకి వరసగా ఆరు కిటికీలు. సూదిలోకి దారం ఎక్కాలంటే ట్యూబులైటు పనికిరాదు, పగటి వెలుతురే కావాలని హైమ పట్టుదల. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక నేనూ అక్కడికి వెళ్ళి జాకెట్లకి హుక్కులు కుడుతుంటాను. దానికి నాకు ఇచ్చేదేమీ లేదు. కబుర్లు మాత్రం దండిగా దొరుకుతాయి.

నోటీసు ఇలా ఉంది: "విషయము: ఉనికిలో నున్న వాణిజ్య భవనములు – బాహ్యవాయు సరఫరా ఆవశ్యకత – పాటించకపోవుట – గురించి. సదరు ప్రాంగణమునందు ప్రతి మనిషికిని సెకనుకు పది లీటర్ల బాహ్యవాయువు సరఫరా అగుచున్నట్లు ఋజువు లేదు. కావున ఈ నెలాఖరులోగా ధ్రువపత్రము పొందనిచో సదరు ప్రాంగణమునకు సీలు వేయబడును."

"పది లీటర్లంటే ఎంత వదినా?" అంది హైమ.

"ఒక బిందె."

నూర్జహాన్ మిషను ఆపింది. ఆవిడ మగ్గం పని చేస్తుంది, నోటి పని కూడా చేస్తుంది. "రోజు మార్చి రోజు ఒక బిందె నీళ్ళు ఇవ్వలేని వాళ్ళు, మనల్ని సెకనుకొక బిందె గాలి చూపించమంటన్నారా అక్కా?"

అందరం నవ్వాం గానీ హైమ నవ్వలేదు. నెలాఖరు దాటాక పదిహేను రోజుల్లో పదకొండు ముహూర్తాలున్నాయి. బీరువాలో నూట ముప్పై జాకెట్లు, అందులో తొమ్మిది పెళ్ళికూతుళ్ళవి. అవి లోపల ఉండగా షాపుకి సీలు పడిందంటే, ఆ తొమ్మిది మంది తల్లులకీ ఏం చెప్పాలో ఏ నోటీసులోనూ రాసిలేదు.

మర్నాడు హైమా నేనూ బాహ్యవాయు విభాగానికి వెళ్ళాం. పాత భవనంలో మెట్లు ఎక్కి కాదు, దిగి వెళ్ళాలి. నడవా చివరి గది. ఆ గదికి రెండు కిటికీలుండేవని గోడ మీద పైన కనిపించే చెక్క ఫ్రేముల వల్ల తెలుస్తుంది. వాటికి అడ్డంగా నాలుగు ఇనుప బీరువాలు, వాటి నిండా గాలికి సంబంధించిన ఫైళ్ళు. పరిపాలనాధికారి ముక్తేశ్వరరావు గారు పెద్దమనిషి, మర్యాదస్తుడు. మాటకి ఒక ఆవలింత చొప్పున తీస్తున్నారు. గదిలో ఉన్న గుమాస్తాలు ముగ్గురూ కూడా అంతే. రెండు నిమిషాల్లో నాకూ అంటుకుంది.

"అమ్మా, మీకు కిటికీలున్నవని మీ వాదన," అన్నారాయన.

"వాదన కాదండీ. కిటికీలే."

"ఉండవచ్చును. కానీ ఆ కిటికీ ద్వారా ఎంత గాలి వచ్చుచున్నది? ఏ వేళ వచ్చుచున్నది? కొలుచుటకు మీటరు కలదా?"

"దానంతటదే వస్తుందండీ," అంది హైమ.

"అదియే మా అభ్యంతరము. దానంతటది వచ్చునది సరఫరా కాదమ్మా. దానిని మేము క్రమబద్ధీకరింపబడని ప్రవేశము అందుము." ఇక్కడ ఒక నిండు ఆవలింత వచ్చింది. "ఫ్యాను ఉండవలెను. గొట్టము ఉండవలెను. గొట్టమునకు మీటరు ఉండవలెను. అప్పుడు అది బాహ్యవాయువు. అంతవరకు అది వట్టి గాలి."

బజారులో కొత్తగా కట్టిన అద్దాల బట్టల కొట్టుకి ధ్రువపత్రం ముందే వచ్చేసిందట. దానికి ఒక్క కిటికీ కూడా లేదు. గొట్టం మాత్రం ఉంది. స్కూటర్లు పెట్టే సెల్లారులోంచి ఆ గొట్టం గాలి పీలుస్తుంది. ఆ కొట్లో చీరలు చూస్తుంటే తల తిరుగుతుందని నేను ఇన్నాళ్ళూ ధరల వల్ల అనుకున్నాను.

వారం తిరక్కుండా విభాగం తరఫున కన్సల్టెంటు వచ్చాడు. నిశాంత్ అని పాతికేళ్ళ కుర్రాడు, మెడలో కార్డు, చేతిలో ఒక పొట్టి తాడు చివర చిన్న ఫ్యానున్న యంత్రం. వస్తూనే మనుషుల్ని లెక్కపెట్టాడు.

"మొత్తం తొమ్మిది మంది."

"ఏడుగురమే బాబూ. ఆరుగురు వాళ్ళు, నేను," అంది హైమ. నన్ను ఇద్దరూ లెక్కలో వేసుకోలేదు, హుక్కులు కుట్టేవాళ్ళని లెక్కలో వెయ్యరు.

కుర్రాడు గుమ్మం దగ్గరున్న రెండు బొమ్మల్ని చూపించాడు. పట్టుజాకెట్లు వేసి నిలబెట్టిన బొమ్మలు. ఒకదానికి తల కూడా లేదు.

"బొమ్మలు ఊపిరి పీలుస్తాయా?"

"ఆంటీ, ఫారంలో ఊపిరి పీల్చేవాళ్ళు అని లేదు. ఆ చోటు ఆక్రమించేవాళ్ళు అని ఉంది." పాపం, వాడు ఎగతాళి చెయ్యడం లేదు. వాడికిచ్చిన ఫారం అది. "తొమ్మిది మందికీ తొంభై లీటర్లు కావాలి."

"తల లేనిదానికి కాస్త తగ్గించవా నాయనా, ముక్కు కూడా లేదు దానికి," అంది నూర్జహాన్.

వాడు ఫారం రెండువైపులా తిప్పి చూశాడు. ముక్కుకి గడి లేదన్నాడు.

ఇక అసలు సంగతి చెప్పాడు. గొట్టంలోంచి ఎంత గాలి వస్తోందో కొలవాలంటే మిగతా గాలి గదిలోకి రాకూడదు. వస్తే లెక్క చెడుతుంది. కాబట్టి ఆరు కిటికీలూ ప్లైవుడ్ కొట్టి, సందుల్లో జిగురు పట్టించి మూసెయ్యాలి.

"ఎన్నాళ్ళు?" అంది హైమ.

"పర్మినెంటుగా ఆంటీ. సర్టిఫికెట్ ఉన్నన్నాళ్ళూ."

బయటిగాలి సరిపోలేదని, ఉన్న బయటిగాలిని ఆపెయ్యమన్నారు. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఇంటికి చుట్టాలు వస్తే అన్నం సరిపోతుందో లేదో తేలాలంటే ముందు చుట్టాల్ని గుమ్మం బయటే ఆపడం శ్రేయస్కరం కదా.

తర్వాత గొట్టం మూతి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఉత్తరాన వేపచెట్టు వైపు పెట్టమని మేం అడిగాం. కుదరదన్నాడు. అటువైపు బజారు. మంజూరైన ప్లానులో 'ఖాళీ స్థలము' అని రాసి ఉన్న వైపే గొట్టం మూతి ఉండాలి. ప్లానులో ఖాళీ స్థలం దక్షిణాన ఉంది.

ఆరుగురూ ఒకేసారి తలెత్తి దక్షిణం గోడ వైపు చూశారు.

దక్షిణాన ఉన్నది పున్నయ్య కారం మిల్లు. కాంప్లెక్సు కంటే ముందునుంచీ ఉంది. ఎనిమిది రోకళ్ళు, రేకుల కప్పు, కప్పు మీద పొగగొట్టం లాంటి ఘాటుగొట్టం. మా ఊరు మిరపకాయల ఊరు. మాఘం దాటితే చాలు, ఇంటింటా మిరపకాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, పున్నయ్య దగ్గర కొట్టించుకుంటారు. కాంప్లెక్సు ప్లాను గీసినవాడు చుట్టూ ఇంత స్థలం వదలాలి కాబట్టి, వదిలినట్టు గీశాడు. కట్టిన మేస్త్రీ మాత్రం దక్షిణం గోడకి ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. ఆయన చదువుకోలేదు గానీ ముక్కున్నవాడు.

"బాబూ, అక్కడ కారం మిల్లుంది," అన్నాను.

నిశాంత్ ప్లాను పరిచి వేలు పెట్టి వెతికాడు. "ఇందులో మిల్లు లేదాంటీ."

"ఇందులో లేదు నాయనా. అక్కడుంది. వెళ్ళి చూసి రా."

"చూసినా అంతే. నేను ప్లాను ప్రకారం పెట్టాలి. మిల్లు ఉందని మీరు అంటే ప్లాను సవరణకి అర్జీ పెట్టుకోండి. ఏడాదిన్నర పడుతుంది."

నెలాఖరుకి పంతొమ్మిది రోజులుంది.

అలా మూడు రోజుల్లో హైమ టైలర్స్‌కి బాహ్యవాయువు వచ్చింది. గొట్టం మూతి సరిగ్గా పున్నయ్య ఘాటుగొట్టానికి ఎదురుగా, మూరెడు దూరంలో, రెండూ ఒకదాన్నొకటి కుశలప్రశ్నలు అడుగుతున్నట్టు నిలబడ్డాయి. నిశాంత్ మధ్యాహ్నం ఒంటిగంటకి మీటరు పెట్టి కొలిచాడు. అది పున్నయ్య భోంచేసే వేళ. అంకెలు బాగా వచ్చాయి. సంతోషంగా వెళ్ళిపోయాడు.

అసలు సంగతి మూడున్నరకి మొదలయ్యేది. రోకళ్ళు పడగానే ఫ్యాను ఆపేసేవాళ్ళం. ఆపితే గాలి లేదు. కిటికీలు లేవు. ట్యూబులైట్ల కింద ఆరుగురూ చెమటలు కక్కుతూ, చెమట పట్టు మీద పడకుండా మోచేతులు పైకెత్తి కుట్టేవాళ్ళు. తలనొప్పి మాత్రలు తెచ్చి సూదుల డబ్బా పక్కన పెట్టుకున్నారు. ఒకరోజు హైమ ఒక పెళ్ళికూతురి జాకెట్‌కి కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు కుట్టింది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేదు. విప్పుతూ విప్పుతూ ఆపి, ప్లైవుడ్ వైపు చూసింది.

"వదినా, ఆ ధ్రువపత్రం రాకపోతే షాపు పోతుంది. వస్తే కిటికీలు పోతాయి. ఏది పోతే నయం?"

ఆ రోజు బాహ్యవాయు విభాగానికి వెళ్ళి, వాళ్ళ నిబంధనల పుస్తకం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ముప్ఫై రెండు పేజీలు. కాలేజీలో చదివేటప్పుడు నాకొక అలవాటుండేది, ఏ పుస్తకమైనా చివరి పేజీ నుంచి వెనక్కి చదవడం. మాస్టార్లు అక్కడికి వచ్చేసరికి అలిసిపోయి ఉంటారు కాబట్టి అక్కడే ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక్కడ కూడా ముప్ఫై ఒకటో పేజీలో దొరికింది: "ధ్రువీకరించు అధికారి స్వయముగా సదరు గదియందు, అచటి వారందరితో కలసి, తలుపులు మూసుకొని గంటసేపు ఆసీనుడై, వాయువును పీల్చి సంతృప్తి చెందవలెను. మధ్యలో తలుపు తెరచినచో పరీక్ష మొదటికి వచ్చును."

ఇంతవరకూ ఇచ్చిన ధ్రువపత్రాలన్నీ ఆఫీసులో కూర్చునే ఇచ్చారని గుమాస్తా చెప్పాడు. కాబట్టి నేను ఒక అర్జీ రాశాను. 'సదరు', 'ఉటంకించిన', 'ప్రార్థించడమైనది' అన్నీ వేసి, ముక్తేశ్వరరావు గారు స్వయంగా విచ్చేసి మా గాలి పీల్చవలసిందిగా కోరాను.

ఆయన అర్జీ చదివి కళ్ళజోడు తీశారు. ఆవలింత కూడా మరిచిపోయారు.

"అమ్మా, ముప్ఫై ఒకటో పేజీ చదివిన మొదటి పౌరురాలివి నువ్వు. అది రాసినది నేనే."

"చాలా బాగా రాశారండీ. ముఖ్యంగా 'ఆసీనుడై' అన్నది."

"తప్పక వచ్చెదను. తొలి పరీక్ష కనుక ఒక మంచి రోజు చూచి చెప్పుము. పదిన్నర వేళకు వర్జ్యము లేని రోజు."

మంచిరోజు చూసే పని నా మీద పెట్టకపోతే ఈ కథ వేరేగా ఉండేది. నేను ఇంటికొచ్చి క్యాలెండరు తిప్పాను. గురువారం, దశమి, వర్జ్యం సాయంత్రానికి. నెలాఖరుకి రెండు రోజుల ముందు. ఏ పంతులుగారు చూసినా కాదనలేని రోజు. తర్వాత మా వీధిలో ఇంటింటికీ వెళ్ళాను.

"ఆవకాయ దగ్గరకొచ్చింది, కారం కొట్టించుకున్నారా?"

"లేదొదినా, రేపు మాపని బద్ధకిస్తన్నా."

"గురువారం దశమి. అందరం కలిసి పొద్దున్నే వెళ్దాం. ఒకళ్ళకొకళ్ళు తోడు."

పద్నాలుగు ఇళ్ళు కుదిరాయి. పున్నయ్య దగ్గరికి వెళ్ళి చెబితే తల గోక్కున్నాడు. "గురువారం పొద్దున్నే మూడు బస్తాలా అమ్మాయ్? ఎనిమిది రోకళ్ళూ వెయ్యాలే."

"వెయ్యి బాబాయ్. పదిన్నరకి మొదలుపెడితే చాలు."

"పదిన్నరకే ఎందుకు?"

"వర్జ్యం లేదు."

గురువారం ముక్తేశ్వరరావు గారు ఇస్త్రీ చొక్కాతో, నుదుట బొట్టుతో వచ్చారు. వెనకాల నిశాంత్ మీటరుతో. ఆరుగురు ఆడవాళ్ళూ మిషన్ల ముందు బుద్ధిగా కూర్చున్నారు. ప్రతివాళ్ళ ఒళ్ళోనూ తడి చేతిరుమాలు ఉంది. ఎండాకాలం కదా, ఎవరికీ అనుమానం రాలేదు. బొమ్మలు రెండూ కూడా హాజరు. ఆయన వాటిని కూడా లెక్కపెట్టి, తల లేనిదాని ముందు ఒక్క క్షణం ఆగి, కాగితం మీద టిక్కు పెట్టారు.

తలుపు మూశారు. గడియారం చూశారు. ఫ్యాను వేశారు. గొట్టంలోంచి చల్లగా గాలి వచ్చింది.

"చూచితిరా?" అన్నారు కళ్ళు మూసుకుని, ఛాతీ నిండా పీల్చి. "ఇది గాలి. కొలతగల గాలి. కిటికీ గాలికీ దీనికీ పోలికా?"

గోడ అవతల ధడేల్ ధడేల్‌మని ఎనిమిది రోకళ్ళు పడ్డాయి.

మొదటి తుమ్ము నిశాంత్‌ది. "సారీ సార్. సార్, రీడింగ్ బ్రహ్మాండం. మనిషికి పద్నాలుగు లీట–" రెండో తుమ్ములో లీటర్లు కొట్టుకుపోయాయి.

ఆరు తడి చేతిరుమాళ్ళు ఒకేసారి ఆరు ముక్కుల మీదికి వెళ్ళాయి. నేనూ హైమా పవిటకొంగులు తడిపే ఉంచుకున్నాం. ముక్తేశ్వరరావు గారి దగ్గర ఇస్త్రీ చేసిన పొడి జేబురుమాలు ఉంది. అది మూడు తుమ్ములకి చాలింది.

"ఇది ఏమి... ఇది ఏమి వాసన?"

"బాహ్యవాయువండీ," అన్నాను కొంగు చాటునుంచి.

"మిరప... మిరపకారము కదా ఇది!"

"అక్కడ ఖాళీ స్థలమేనండీ. ప్లాను చూడండి."

ఆయన లేచి తలుపు వైపు నడిచారు. గడియ మీద చెయ్యి వేశాక, నూర్జహాన్ రుమాలు పక్కకి తీసి, మర్యాదగా గుర్తుచేసింది: "సార్, తలుపు తీస్తే మొదటికొచ్చుద్ది. మళ్ళా గంట కూర్చోవాలి. ముప్ఫై ఒకటో పేజీ."

చెయ్యి గడియ మీద ఆగిపోయింది. ఆ వాక్యం తనే రాశారు కదా. గడియారం చూశారు. ఏడు నిమిషాలయింది. ఎర్రబడ్డ కళ్ళలోంచి ధారలు కారుతున్నాయి. బహుశా ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆయన పూర్తిగా మేలుకుని ఉన్నారు.

తర్వాత ఆయన చేసింది ఏ నిబంధనలోనూ లేదు. టేబిలు మీద పెద్ద కత్తెర తీసుకుని, ఆరో మిషను దగ్గరున్న ప్లైవుడ్ సందులో దూర్చి, పళ్ళు బిగించి ఒక్క పెకలింపు పెకలించారు. మేకులు కిర్రుమన్నాయి. పలక ఊడి కింద పడింది. ఆయన నడుం దాకా కిటికీలోంచి బయటికి వంగి, వేపచెట్టు కొమ్మల్లో తల పెట్టి, నోరు తెరిచి గాలి పీల్చారు. పీల్చి, పీల్చి, మళ్ళీ పీల్చారు. నిశాంత్ ఆయన పక్కనుంచి తల దూర్చడానికి చోటు కోసం వెతుక్కుంటున్నాడు.

హైమ చిన్న గొంతుతో అంది: "సార్, అది క్రమబద్ధీకరింపబడని ప్రవేశం."

వేపకొమ్మల్లోంచి జవాబుగా ఒక తుమ్ము వచ్చింది.

ఆయన లోపలికి వచ్చేసరికి మిగతా ఐదు పలకలు కూడా కిందికొచ్చేశాయి. అవి ఎవరు ఊడదీశారో అధికారికంగా తెలియదు. నూర్జహాన్ చేతిలో సుత్తి ఉంది గానీ, ఆవిడ మగ్గం బిగిస్తోంది.

మేం ఇక భయపడింది నివేదిక గురించే. హైమ ఆ రెండు రోజులూ సరిగా తినలేదు. పెళ్ళికూతుళ్ళ జాకెట్లు తొమ్మిదీ సంచిలో సర్ది, అవసరమైతే సీలు పడకముందే మా ఇంటికి తెచ్చేద్దామని సిద్ధంగా పెట్టింది. ఆయన కష్టం కూడా నాకు తెలుసు. కారం అని రాస్తే మిల్లు ఉన్నట్టు ఒప్పుకోవాలి. మిల్లు ఉన్నట్టు ఒప్పుకుంటే ఆ ప్లాను మీద ఇన్నేళ్ళుగా పడ్డ సంతకాలన్నీ లేచి కూర్చుంటాయి. గాలి రాలేదని రాద్దామంటే మీటరు పద్నాలుగు లీటర్లు చూపించింది.

నెలాఖరు పొద్దున కబురొచ్చింది. హైమ షాపు వదిలి రాలేనంటే నేనొక్కదాన్నే వెళ్ళాను. ధ్రువపత్రం ఇలా ఉంది:

"సదరు ప్రాంగణమునందు బాహ్యవాయువు అవసరమునకు మించి, మనిషికి సెకనుకు నాలుగు లీటర్ల చొప్పున మిగులుచున్నట్లు స్వయముగా పీల్చి నిర్ధారించడమైనది. సదరు మిగులు వాయువు బయటకు పోవుటకై ఉత్తర కుడ్యమునందలి ఆరు మిగులు నిర్గమ ద్వారములను ఎల్లవేళల తెరచి ఉంచవలెను. సరఫరా తగ్గించుటకై ఫ్యాను నిలిపివేయవలెను."

అంటే, కిటికీలు తీసి పెట్టుకుని, ఫ్యాను ఆపుకోమని. నోటీసు రాకముందు మేం సరిగ్గా ఆ పనే చేస్తుండేవాళ్ళం. ఇప్పుడు ముద్ర ఉంది.

అప్పుడు చూశాను. గదిలో ఒక బీరువా పక్కకి జరిగి ఉంది. దాని వెనక కిటికీ రెండు రెక్కలూ తెరిచి ఉంది. వెలుతురు ఫైళ్ళ మీద పడుతోంది. ఎవ్వరూ ఆవలించడం లేదు.

"మీ గదిలో కూడా గాలి మిగిలిపోతోందా అండీ?"

ముక్తేశ్వరరావు గారు కిటికీ వైపు చూడకుండా, కాగితాలు సర్దుకుంటూ అన్నారు: "కొంత."

నేను లేవబోతుంటే గొంతు తగ్గించి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. "అమ్మా, ఆ ఖాళీ స్థలంలో... మా ఆవిడ కారం కొట్టించాలంటోంది. ఏ రోజు వెళ్తే మంచిది?"

"అమావాస్య తప్ప ఏ రోజైనా వెళ్ళొచ్చండీ. తడి రుమాలు తీసుకెళ్ళమనండి."

ఇంతలో కిటికీలోంచి గాలి రివ్వున వచ్చి ధ్రువపత్రాన్ని టేబిలు మీంచి లేపింది. గుమాస్తాలిద్దరు చేతులు చాచారు. నేనే ముందు పట్టుకున్నాను. ఆయన ఆఫీసు నకలు మీద కూడా ముద్ర వేసేదాకా అది మళ్ళీ ఎగరకుండా, సంచిలోంచి గురువారం కొట్టించిన కారం పొట్లం తీసి దాని మీద బరువు పెట్టాను.

ముద్రలయ్యాక నేను నా కాగితం తీసుకున్నాను. పొట్లం తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అది ఉండనిమ్ము," అన్నారు. "ఇచట గాలి ఎక్కువగా ఉన్నది."